చైత్రంలో మాచర్ల

పల్నాడు అనగానే ఎవరికైనా యుద్ధమే గుర్తొస్తుంది. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు రైలు దిగీ దిగగానే కారంపూడి ఎంత దూరమని అడుగుతారు, ఆ తర్వాత సాగర్ ఎంత దూరమని అడుగుతారు. వాళ్ళ లెక్కలో మాచర్ల ఆ రెండింటికీ మధ్య టీ తాగి బస్సు మారే చోటు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినందుకు ఒక మాట గట్టిగానే చెప్పాలనుంది. పల్నాటి కథలో కత్తులు దూసింది కారంపూడిలో. కత్తి దూయకుండా బతకడం ఎలాగో ఆలోచించింది మాచర్లలో. ఆ ఆలోచనకు మిగిలిన గుర్తు చంద్రవంక ఒడ్డున ఉన్న లక్ష్మీ చెన్నకేశవస్వామి గుడి. దాన్ని చూడాలనుకునేవాళ్ళు చైత్రంలో రావాలి.

ఎండల సంగతి తెలిసే ఈ మాట అంటున్నాను. పక్కనున్న రెంటచింతల పేరు వేసవి వచ్చిందంటే పేపర్లలో రోజూ కనిపిస్తుంది. కానీ చైత్ర పౌర్ణమి నాటికి వడగాలులు ఇంకా ముదరవు. వేపచెట్లు పూత మీద ఉంటాయి. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి, వాటి ఘాటు రోడ్డు మీది దాకా వస్తుంది. కొంత పంట అప్పటికే గుంటూరు యార్డుకు వెళ్ళి ఉంటుంది గనుక రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. చెన్నకేశవుడి కల్యాణం, రథోత్సవం, తిరునాళ్ళు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. మధ్యాహ్నం గుడి దగ్గర రాళ్ళ మీద కాలు పెట్టలేం. తెల్లవారుజామున గానీ పొద్దు వాలాక గానీ వెళ్ళాలి.

ఇక కథ. హైహయ వంశపు అనుగురాజు వెలనాటి చోళుల ఆడపడుచు మైలమదేవిని పెళ్ళాడాడనీ, పల్నాడు అతనికి అరణంగా వచ్చిందనీ, గురజాల రాజధాని అయిందనీ వీరగాథ చెబుతుంది. అతని తర్వాత నలగామరాజు గద్దెనెక్కాడు. మంత్రి బ్రహ్మనాయుడికీ, రాజు దగ్గర పలుకుబడి సంపాదించిన నాయకురాలు నాగమ్మకూ పొసగలేదు. చివరికి రాజ్యాన్ని పంచారు. నలగాముడికి గురజాల ఉండిపోయింది, సవతి తమ్ముడు మలిదేవుడికి మాచర్ల వచ్చింది. బ్రహ్మనాయుడు మలిదేవుడి వెంట ఇక్కడికి నడిచాడు.

ఈ పంపకాన్ని కోడిపందేనికీ యుద్ధానికీ ముందుమాట లాగా చెప్పి దాటేస్తుంటారు. నాకు మాత్రం కథకు అదే గుండెకాయ. దాయాదుల మధ్య రక్తం చిందకుండా వేరుపడి, ఎవరి ఊరు వాళ్ళు కట్టుకుందామని ఒప్పుకున్న ఘట్టమది. మాచర్ల ఆ ఒప్పందం మీద లేచిన రాజధాని. మాచర్ల పక్షం కోడిపందెం ఓడి ఏడేళ్ళు వలస పోవలసి వచ్చాక, తిరిగొచ్చి వాటా అడగడానికి వాళ్ళ తరఫున రాయబారం వెళ్ళిన అలరాజు విషానికి బలయ్యాక గానీ కత్తులు బయటికి రాలేదు. చరిత్రకారులు ఆ యుద్ధాన్ని 12వ శతాబ్దం చివరి భాగంలో పెడతారు.

గుడిని బ్రహ్మనాయుడే నిలబెట్టాడని మా ఊరి నమ్మకం. వైష్ణవాన్ని పట్టుకున్న మంత్రి ఆయన, శైవం పక్షాన నిలిచింది నాగమ్మ. యుద్ధంలో మతానికీ పాలుందనే పండితులున్నారు. అదే మాచర్లలో వీరభద్రుడి గుడి కూడా ఉంది, ఊళ్ళోవాళ్ళు రెండు చోట్లా కొబ్బరికాయ కొడతారు. చెన్నకేశవాలయంలో ముందుగా చూడవలసినవి స్తంభాలు. రాతి ముఖాల మీద పురాణ కథలు జానెడేసి బొమ్మలుగా కిక్కిరిసి ఉంటాయి. దర్శనం వరసలో నిలబడ్డ వాళ్ళు వాటికి ఆనుకుంటారే గానీ తిరిగి చూడరు. వరస కదలనప్పుడు ఒక్క స్తంభాన్ని కింది నుంచి పైకి చదివి చూడండి. రాతిపని ఈ నేలకు కొత్త కాదు. నాగార్జునకొండ శిల్పులు పలకలు చెక్కింది ఈ ప్రాంతపు సున్నపురాయి మీదనే. పక్కనున్న దుర్గిలో ఇప్పటికీ విగ్రహాలు చెక్కే కుటుంబాలున్నాయి. దుర్గి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా పాత ఇళ్ళ గోడలు, అరుగులు అన్నీ నాపరాయే.

రాతి కన్నా గట్టిగా నిలిచింది చాపకూడు. అన్ని కులాల వాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు భోజనం పెట్టించాడు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా పెంచి సేనాపతిని చేశాడు. కొడుకు బాలచంద్రుడి తమ్ముళ్ళుగా కథలో వచ్చేవాళ్ళలో బ్రాహ్మణుడున్నాడు, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి ఉన్నారు. గాథలో ఎంత చరిత్ర, ఎంత కల్పన అన్న వాదన ఎన్నాళ్ళయినా సాగనీ. ఎనిమిది వందల ఏళ్ళుగా ఈ ప్రాంతపు జనం తమ పెద్ద మనిషిని ఇలాగే గుర్తుపెట్టుకోవాలనుకున్నారు. నాకు అంతకన్నా పెద్ద శాసనం అక్కర్లేదు.

ఆ చాప మీద వడ్డించింది వరి అన్నం అయి ఉండదు, జొన్న సంకటో జొన్నన్నమో అయి ఉంటుందని నేననుకుంటాను. శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటుపద్యంలో పల్నాటి రాళ్ళనూ, నాగులేటి నీళ్ళనూ, జొన్న సజ్జ కూళ్ళనూ ఈసడించుకోవడం తెలుగువాళ్ళందరికీ తెలుసు. అదే శ్రీనాథుడు పల్నాటి వీరచరిత్రను ద్విపదలో రాశాడని ప్రసిద్ధి. తిండి నచ్చకపోయినా కథను వదల్లేకపోయాడు. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని అచ్చువేసేదాకా అది తాటాకుల మీదే ఉంది. ఆ తాటాకులతో పని లేకుండా కథను నోట నిలిపినవాళ్ళు వీరవిద్యావంతులు. జోడు పట్టి, పంబ మోగిస్తూ రాత్రుళ్ళు పాడేవాళ్ళు వాళ్ళు. అలిసెట్టి గాలెయ్య పాడిన గాథను అమెరికా పరిశోధకుడు జీన్ రోగేర్ రికార్డు చేసుకుని రాసిన పుస్తకం 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ అచ్చులో వచ్చింది. దళిత గాయకుడి గొంతులోని పల్నాడు అలా సముద్రాలు దాటింది. ఇక్కడి బడిపిల్లలకు ఆ గాయకుడి పేరు తెలియాలి.

చంద్రవంకను కూడా పట్టించుకోండి. చైత్రంలో ఊరి దగ్గర చాలాచోట్ల ఏరు సన్నబడిపోయి బండలు తేలి ఉంటాయి. ఇదే ఏరు దిగువన ఎత్తిపోతల దగ్గర డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకి, ముందుకు సాగి కృష్ణలో కలుస్తుంది. జలపాతాన్ని చూసి మురిసేవాళ్ళు అది మా గుడి పక్క నుంచి వచ్చిన నీరని తెలుసుకుంటే బాగుంటుంది. ఆ పైన సాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది. ఇక్ష్వాకుల విజయపురి మునిగింది, తవ్వి తీసిన కట్టడాల్లో కొన్ని నాగార్జునకొండ మీదికీ అనుపుకూ చేరాయి. కుడి కాలువ కింద పల్నాటి పొలాల్లో వరి నాట్లు పడ్డాయి. లాభం ఎంతో, పోగొట్టుకున్నదీ అంతేనని నా అభిప్రాయం.

యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు రాజ్యం నలగాముడికే అప్పగించి గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడంటారు. గెలిచినవాడు మాచర్లకు తిరిగి రాలేదు. అందుకే వచ్చేవాళ్ళకు నేను చెప్పే వరస ఇది: చైత్రంలో మాచర్ల, కార్తీకంలో కారంపూడి. కార్తీక అమావాస్యకు అక్కడ వీరుల గుడి దగ్గర రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజుల ఉత్సవం జరుగుతుంది. చాలామంది కోడిపోరు నాటికి దిగుతారు. ఒకరోజు ముందే రండి. మందపోరు నాడు అక్కడ చాపకూడు పెడతారు. పక్కన కూర్చున్నది ఎవరని అడగకుండా తిని వెళ్ళండి.