పేరు లేని కరువు: పశ్చిమ ప్రకాశంలో నీరు, వ్యాధి, విపత్తు సన్నద్ధత

తెలుగు సమాజం కరువులను సంవత్సర నామాలతో గుర్తుంచుకొంది. 1832-33 నాటి గుంటూరు కరువు నందన కరువు. 1876లో మొదలైనది ధాత కరువు. పేరున్న విపత్తుకు ఆరంభముంటుంది; ఆరంభమున్నచోట పాలనాయంత్రాంగం కదలవలసిన తేదీ ఉంటుంది. మార్కాపురం, గిద్దలూరు, పొదిలి, కనిగిరి ప్రాంతాల ఆరోగ్య చరిత్రలో ఈ పద్ధతి ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చాలలేదు అన్నది ఇక్కడ పరిశీలనాంశం.

పశ్చిమ ప్రకాశం రెండు జిల్లాల చరిత్రల కలయిక. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుండి, పొదిలి, కనిగిరి, దర్శి నెల్లూరు నుండి 1970 ఫిబ్రవరి 2న ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి. 1972లో దానికి ప్రకాశం అన్న పేరు వచ్చింది. ఆరోగ్య దస్తావేజులను చదివేటప్పుడు ఈ విషయాన్ని మరువరాదు.

ధాత కరువులో మద్రాసు రాజధాని మొత్తం మీద అత్యంత తీవ్రంగా నష్టపోయిన జిల్లాలలో కర్నూలు ఒకటి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య ఆ జిల్లా జనసంఖ్య దాదాపు నాలుగో వంతు తగ్గింది. ప్రాణాలు తీసింది ఆకలి ఒక్కటే కాదు. సహాయక శిబిరాలలో కలరా, వానలు పడ్డాక జ్వరాలు చిక్కిన శరీరాలను కబళించాయి. 1877లో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి తగ్గించినప్పుడు, మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్ ఆ తిండితో పనిచేసే మనిషి బతకడని వాదించాడు. కరువు కూలి వైద్యశాస్త్ర చర్చగా మారిన సందర్భమిది. ఆ ఏడాదిలోనే మద్రాసు ప్రభుత్వం కూలిని కొంత పెంచక తప్పలేదు. 1880 నాటి కరువు కమిషన్, దాని వెంట వచ్చిన కరువు నియమావళులు ఈ అనుభవం నుండే పుట్టాయి. గుంతకల్లు నుండి నంద్యాల, గిద్దలూరు, కంభం మీదుగా సాగే రైలుమార్గాన్ని కూడా కరువు నివారణ దృష్టితోనే తలపెట్టారు. ధాన్యం చేరవేతకు మార్గం ఏర్పడింది. తాగునీటి సంగతి మాత్రం అలాగే మిగిలింది.

ఆ మిగిలిన సమస్య 1937లో వైద్య పత్రికలకెక్కింది. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, సి. జి. పండిట్, టి. ఎన్. ఎస్. రాఘవాచారి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను వర్ణిస్తూ వ్యాసం ప్రకటించారు. పళ్ళు గారపట్టడం, వెన్ను బిగుసుకుపోవడం, కాళ్ళు వంగిపోవడం బావినీటి ఫలితమని తేలింది. ఎముకలకు సోకాక నయం కాని వ్యాధి కాబట్టి ఇక్కడ వైద్యమంటే నివారణే. అయితే దీనికి ధాత వంటి సంవత్సర నామం లేదు. ఏ ఏటా మొదలు కాలేదు, ఏ ఏటా ముగియలేదు. 2008-09లో జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం తొలి విడతలో రాష్ట్రం నుండి నెల్లూరు జిల్లాను ఎంపిక చేశారు. 1937 నాటి నెల్లూరులో భాగమైన కనిగిరి, పొదిలి అప్పటికే ప్రకాశంలో ఉన్నాయి. సరిహద్దు మారినా భూగర్భంలోని రాయి మారదు.

కరువుకూ ఈ వ్యాధికీ ఉన్న బంధం కూడా గమనార్హం. వాన తగ్గితే చెరువులు ఎండుతాయి. గుండ్లకమ్మపై విజయనగర రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకొనే కంభం చెరువుకూ ఆ గతి తప్పలేదు. ఉపరితల జలం లేనప్పుడు జనం బోరును ఆశ్రయిస్తారు; బోరు లోతుకు పోయినకొద్దీ రాతితో చిరకాలం సంపర్కంలో ఉన్న నీరు పైకి వస్తుంది, పలుచన చేసే వాననీరు భూమిలోకి ఇంకదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములన్నది మన దేశంలో తాగునీటి ఫ్లోరైడ్‌కు గరిష్ఠ పరిమితి. వేడి ప్రాంతంలో మనిషి ఎక్కువ నీరు తాగుతాడు గనుక అనుమతించదగిన ఫ్లోరైడ్‌ను ఉష్ణోగ్రతను బట్టి తగ్గించాలని అమెరికా పరిశోధకులు 1950లలోనే సూత్రీకరించారు. భూతాపం పెరుగుతున్న కాలంలో ఆ సూత్రాన్ని ఈ పడమటి మండలాలకు అన్వయించి చూడవలసి ఉంది.

2015 మే వడగాలులలో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా మరణించారు. ప్రకాశం తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి. తదుపరి ఏడాది రాష్ట్రం వడగాలుల కార్యాచరణ ప్రణాళికను రూపొందించింది. చలివేంద్రాలు, ఓఆర్ఎస్ పొట్లాలు, పనివేళల మార్పు, దాహం వేయకపోయినా నీరు తాగమన్న సలహా: ఇవన్నీ ఒంగోలుకు ఎంత సమంజసమో కనిగిరి మెట్టకూ అంతే సమంజసంగా పైకి కనిపిస్తాయి. కానీ ఫ్లోరైడ్ గ్రామంలో ఎక్కువ నీరు తాగమనడం ఏ నీరు అన్న ప్రశ్నను వెంటబెట్టుకొస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు ఆరోగ్యశాఖ చేతిలో లేదు. వడదెబ్బ నుండి ఈ వేసవికి కాపాడే నీరే ఇరవై ఏళ్ల తరువాత నడుము వంచవచ్చు.

జవాబు ఉన్నది నీటిపారుదల శాఖ కాగితాలలో. 1996లో శంకుస్థాపన జరిగిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు శ్రీశైలం జలాశయం నుండి కృష్ణా జలాలను సొరంగాల గుండా తెచ్చి సుమారు 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15 లక్షల మందికి తాగునీరు అందించవలసినది. దాన్ని ఎకరాలలో లెక్కించడం వాడుక. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేసేనాటికి ముంపు గ్రామాల పునరావాసం ఇంకా మిగిలే ఉంది.