ఈ ఊరా, ఆ ఊరా?

ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన మాట ఒకటి ఇంగ్లీషులో రిపోర్టెడ్ స్పీచ్‌గా రాసి తెమ్మన్నారు మా ఇంగ్లీషు టీచరు. నేను మా ముత్తాత మాట రాశాను. టీచరు నా "దిస్" కొట్టేసి పైన "దట్" అని ఎర్ర సిరాతో దిద్దారు. ఆ ఒక్క ముక్క కోసం నేను చరిత్రంతా చెప్పాల్సి వచ్చింది.

ముత్తాత ఆ మాట అన్నది 1953లో. అప్పటికి చెన్నై పేరు మద్రాసు. ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న ఈ ఊళ్లోనే, మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో నిరాహార దీక్ష మొదలుపెట్టారు. 58వ రోజున, డిసెంబరు 15 రాత్రి, ప్రాణం విడిచారు. నాలుగు రోజులకి ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. కానీ మద్రాసు నగరం అందులో లేదు. "మద్రాసు మనదే" అని తెలుగువాళ్లు ఎంత అరిచినా లాభం లేకపోయింది. 1949లోనే నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్య గార్ల కమిటీ, మద్రాసు మీద ఆశ వదులుకుంటేనే రాష్ట్రం అని చెప్పేసింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది.

మా ముత్తాత ఇక్కడ ఒక తెలుగు ప్రెస్సులో అక్షరాలు పేర్చేవారు. ఆయన తమ్ముడు గవర్నమెంటు గుమాస్తా. ఆఫీసుతో పాటు ఆయన కర్నూలు వెళ్లాలి. "అన్నయ్యా, నువ్వూ వచ్చెయ్, మన రాష్ట్రం కదా" అని బతిమాలాడట. ముత్తాత, "నేను ఈ ఊరు విడిచి రాను" అన్నారట. అప్పుడు మా తాతయ్యకి తొమ్మిదేళ్లు. పక్కనే కూర్చుని విన్నారు. తమ్ముడు ఒక్కడే వెళ్లాడు. కర్నూల్లో అప్పుడు ఆఫీసులు గుడారాల్లో నడిచేవి.

తెలుగులో ఈ చిక్కు లేదు. "ఈ ఊరు విడిచి రానని అన్నారు" అంటే సరిపోతుంది, "అని" పెడితే ఆయన "ఈ" ఆయన దగ్గరే ఉంటుంది. ఇంగ్లీషులో అలా కాదు. మాట ఎవరిదైనా, దాన్ని ఇప్పుడు చెబుతున్నవాళ్లు ఎక్కడున్నారో చూసుకోవాలి.

"మేం ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నాం కదా మేడం" అన్నాను. టీచరు కాసేపు ఆలోచించారు. "అయితే నీది రైటే. దిస్‌ని దట్‌గా మార్చమని పుస్తకంలో ఉన్నది మామూలు పద్ధతి. చెప్పేవాళ్లు ఆ చోటే ఉంటే మార్చక్కర్లేదు. కర్నూలు నుంచి రాస్తే మాత్రం దట్ అనాలి" అన్నారు. దిద్దింది కొట్టేశారు.

కర్నూలు తాతగారి మనవరాలు మొన్న ఫోన్లో, "ఆ ఊళ్లో ఇంకా తెలుగు బడులున్నాయా?" అని అడిగింది.

"ఈ ఊళ్లోనా? ఉన్నాయి. నేను చదివేది అందులోనే" అన్నాను.