షాంపేన్ బుడగ ఎవరిది? నేను చెప్పిన ఒక తప్పు కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక తప్పు దిద్దుకుంటూ మొదలుపెడుతున్నా. షాంపేన్‌ని కనిపెట్టింది డామ్ పెరిన్యోన్ అనే ఫ్రెంచ్ సన్యాసి అని ఇంతకుముందు నేనే చెప్పాను. అందరూ చెప్తారు కదా అని నేనూ చెప్పేశాను. కానీ తారీఖులు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కథ నిలబడదు.

పెరిన్యోన్ ఓవిల్యే మఠానికి వచ్చింది 1668లో. దానికి ఆరేళ్ల ముందే, 1662 డిసెంబర్ 17న, క్రిస్టఫర్ మెరెట్ అనే ఇంగ్లిష్ డాక్టర్ లండన్ రాయల్ సొసైటీకి ఒక పత్రం సమర్పించాడు. వైన్‌లో బుడగలు రావాలని పీపాల పనివాళ్లు చక్కెర, మొలాసిస్ కలుపుతున్నారని అందులో రాశాడు.

చక్కెర ఎందుకు? ఈస్ట్ చక్కెరని తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ తయారుచేస్తుంది. సీసాకి మూత బిగిస్తే ఆ గ్యాస్ బయటికి పోలేక వైన్‌లోనే కరిగిపోతుంది. మూత తీయగానే బుస్సున పొంగుతుంది. మన గోలీ సోడాలో గ్యాస్‌ని బయటి నుంచి పంపుతారు, ఇక్కడ అది లోపలే పుడుతుంది. అంతే తేడా.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇది లండన్‌లోనే ఎందుకు కుదిరింది? షాంపేన్ సీసాలో ఒత్తిడి కారు టైర్‌లో ఉండేదానికి రెండు మూడు రెట్లు. కట్టెల మంట మీద చేసిన అప్పటి ఫ్రెంచ్ సీసాలు దాన్ని తట్టుకోలేక పగిలిపోయేవి. ఇంగ్లండ్‌లో 1615లో జేమ్స్ రాజు గాజు కొలుముల్లో కట్టెలు వాడొద్దని ఆజ్ఞ వేశాడు. ఓడలు కట్టడానికి కలప కావాలి మరి! దాంతో గాజు పనివాళ్లు నేలబొగ్గుకి మారారు. మంట వేడి పెరిగింది, గాజు గట్టిపడింది. అంటే యుద్ధనౌకల కోసం వేసిన ఆజ్ఞ వైన్ బుడగకి దారి తీసిందన్నమాట. ఇంకో విచిత్రం ఏంటంటే, గాజు తయారీ మీద నేరీ రాసిన ఇటాలియన్ పుస్తకాన్ని ఇంగ్లిష్‌లోకి అనువదించింది కూడా ఈ మెరెట్టే. అదీ 1662లోనే.

అలాగని "మెరెట్టే కనిపెట్టాడు" అంటే నేను మళ్లీ అదే తప్పు చేసినట్టు. ఆయన చూసింది రాశాడు, అంతే. చేసినవాళ్లు పీపాల పనివాళ్లు. వాళ్లలో ఒక్కరి పేరు కూడా మనకి మిగల్లేదు. పెరిన్యోన్ కూడా తక్కువవాడు కాదు. వేర్వేరు తోటల ద్రాక్ష కలపడంలో దిట్ట. కాకపోతే ఆయన కాలంలో అక్కడ బుడగ అంటే గొప్ప కాదు, తలనొప్పి.

మరి ఇంగ్లండ్‌లో ద్రాక్ష సంగతి? సముద్రపు గాలి, చలి, వాన. కాయ నెమ్మదిగా పండుతుంది, పులుపు తగ్గదు. మామూలు వైన్‌కి అది లోపం, బుడగల వైన్‌కి అదే బలం. పైగా దక్షిణ ఇంగ్లండ్‌లో చాలాచోట్ల నేల కింద షాంపేన్‌లో ఉన్నలాంటి సుద్దరాయే ఉంది. 1988లో మాస్ అనే అమెరికన్ దంపతులు ససెక్స్‌లోని నైటింబర్‌లో షాంపేన్ ద్రాక్ష రకాలు నాటారు. 2015లో షాంపేన్‌కే చెందిన టెటాంజే కంపెనీ కెంట్‌లో భూమి కొంది!

సంతోషించాలా? 2003లో షాంపేన్‌లో ద్రాక్ష కోత ఆగస్టులోనే మొదలైంది. వేడి పెరిగితే పులుపు పడిపోతుంది. ఇంగ్లండ్‌కి అదృష్టంగా కనిపిస్తున్న వేడే అక్కడి రైతుకి దిగులు. ఇంగ్లండ్ రైతుకీ పూర్తి భరోసా లేదు. 2017 ఏప్రిల్‌లో ఒక్కసారిగా మంచు పడి లేత చిగుళ్లు మాడిపోయాయి.

అందుకే ఇక నుంచి "ఎవరు కనిపెట్టారు" అని ఎవరైనా అడిగితే, నేను ఒక్క పేరు చెప్పను. ఫ్రాన్స్ ద్రాక్ష, ఇంగ్లండ్ బొగ్గు, పేరు దక్కని పనివాళ్ల చేతులు. మీరు కూడా నా పాత కథ ఎవరికైనా చెప్పి ఉంటే, ఇది కూడా చెప్పండి. ఇది చరిత్ర కోసమే సుమా, తాగమని కాదు. మళ్లీ కలుద్దాం.