వేరు బుడిపెల బాక్టీరియా

పప్పుజాతి మొక్కల వేళ్లపై బుడిపెలు కట్టి, వాటి లోపల ఉంటూ గాలిలోని నత్రజనిని పైరుకు అందించే సూక్ష్మజీవులు. వీటిలో రైజోబియం, బ్రాడీరైజోబియం ముఖ్యమైనవి. మర్రిపాడు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో వానను నమ్ముకుని కంది, మినుము, పెసర వేసే రైతుకు ఈ నత్రజని డబ్బు పెట్టి కొనక్కర్లేని ఎరువు.

ఈ బుడిపెలు చాలాకాలం అపార్థానికి గురయ్యాయి. 17వ శతాబ్దిలో ఇటలీకి చెందిన మాల్పీఘీ వాటిని వేరుకు వచ్చిన వాపులుగానే వర్ణించాడు. వాటికీ నత్రజనికీ ఉన్న సంబంధాన్ని 1886లో జర్మన్లు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ చాటారు. 1888లో డచ్చి శాస్త్రజ్ఞుడు బైయరింక్ ఆ బాక్టీరియాను వేరుచేసి పెంచాడు. పప్పు పైరు కోసిన చేలో మరుసటి పంట ఏపుగా వస్తుందని మన సేద్యగాళ్లకు అంతకు ఎంతో ముందే తెలుసు. ఆ అనుభవాన్ని శాస్త్రం కన్నా తక్కువగా చూడనక్కర్లేదు.

తెలుగునేలపై ఈ పరిశోధనకు పెద్ద కేంద్రం 1972లో పటాన్‌చెరు దగ్గర ఏర్పడిన ఇక్రిశాట్. అక్కడ వేరుశనగపై జరిగిన పని ప్రత్యేకంగా చెప్పుకోదగింది. చాలా పప్పుజాతుల్లో బాక్టీరియా నూగువేళ్ల గుండా లోపలికి పోతుంది. వేరుశనగలో అలా కాదు, పిల్లవేరు తల్లివేరును చీల్చుకుని వచ్చేచోట పడిన పగుళ్లే దానికి వాకిళ్లు. ఎన్‌సీ 92 అనే రకం బాక్టీరియాను రోబట్ 33-1 వేరుశనగ విత్తనానికి పట్టించినప్పుడు కొన్ని పొలం ప్రయోగాల్లో దిగుబడి పెరిగింది. ఆ వేరుశనగే మన రైతులు ‘కదిరి 3’ అని పిలిచే రకం. అయితే ఫలితం అన్నిచోట్లా ఒకేలా రాదు. నేలలో ముందే పాతుకుపోయిన స్థానిక బాక్టీరియా కొత్తదానికి చోటివ్వదు. ప్యాకెట్లలో వచ్చే బాక్టీరియా పొడి (కల్చర్) గురించి రైతుకు చెప్పేవాళ్లు ఈ మాట దాచకూడదు.

పప్పుజాతులు కాని మొక్కల్లోనూ ఇలాంటి అతిథులున్నారు. చెరకు గడ లోపల ఉండే నత్రజని బాక్టీరియాను బ్రెజిల్‌లో శాస్త్రజ్ఞురాలు డోబెరైనర్ బృందం 1988లో ప్రకటించింది. చెరకుకు బుడిపెలు ఉండవు. బాక్టీరియా కణజాలంలోనే మసలుతుంది.

పప్పుజాతి పైర్లకు రైజోబియం వాడకం తేలికే. బెల్లం నీళ్లు కాచి చల్లార్చి, రైజోబియం పొడి కలిపి, విత్తనానికి పట్టించి, నీడన ఆరబెట్టి వెంటనే విత్తుతారు. ఎండ తగిలితే బాక్టీరియా చస్తుంది. యూరియా ఎక్కువైతే బుడిపెలు సరిగా కట్టవు. పూత దశలో మొక్కను మట్టితో సహా పెకలించి బుడిపెను గోటితో చిదిమితే లోపల ఎర్రగా కనబడాలి. అది లెగ్‌హిమోగ్లోబిన్ అనే పదార్థం రంగు, అంటే బాక్టీరియా పనిలో ఉంది. పచ్చగా గాని బూడిదరంగులో గాని ఉంటే దాని పని అయిపోయినట్టే.