న్యాయస్థానంలో వానలెక్క

నాంపల్లి న్యాయస్థానాలలో ఒక దావా నడుస్తున్నదని అనుకొందాము. ఆబిడ్స్‌లో ఒక దుకాణపు నేలమాళిగలోకి నీరు చేరి సరుకు పాడైనది. వానవల్లనే అంటాడు వర్తకుడు. నీటిగొట్టం పగలడంవల్ల అంటుంది బీమా కంపెనీ. ఆ రాత్రి కుండపోత కురిసిందని ఒక సాక్షి, తుంపర మాత్రమే పడిందని మరొక సాక్షి. మూడేండ్లనాటి వాన విషయంలో ఎవరి జ్ఞాపకాన్ని నమ్మాలి? ఇటువంటి చోట ఒక గరాటు, ఒక సీసా, ఒక పుస్తకంలోని అంకె మనిషి మాటకన్న ఎక్కువ పనికివస్తవి.

ఆ గరాటుకు చరిత్ర ఉన్నది. మన తాలూకా కచేరీల ఆవరణలలో తరతరాలుగా కనిపించిన వర్షమాపకానికి సైమన్స్ మాపకమని పేరు. జార్జి జేమ్స్ సైమన్స్ లండనువాడు. 1860వ సంవత్సరపు వానలెక్కలను 168 చోట్లనుండి సేకరించి ఆయన ప్రకటించాడు. లెక్క వ్రాసినవారు జీతగాండ్రు కారు. చర్చి గురువులు, ఉపాధ్యాయులు, వైద్యులు, భూస్వాములు. 1900లో ఆయన మరణించేనాటికి అటువంటి కేంద్రాలు 3,000కు మించినవి. గరాటు మూతి వ్యాసం 5 అంగుళాలు, అంచు నేలకు 1 అడుగు ఎత్తు. ఎందుకీ పట్టుదల? మాపకాన్ని మేడమీద పెడితే గాలి చినుకులను పక్కకు తోసివేస్తుంది, లెక్క తగ్గుతుంది. అందరి గరాటు ఒకటే అయితేనే ఒకరి అంకెను మరొకరి అంకెతో పోల్చవచ్చును. అమెరికాలో 1890లో చేసిన చట్టంతో ఇటువంటి స్వచ్ఛంద పరిశీలకుల వ్యవస్థ ఏర్పడి నేటికీ సాగుతున్నది. ధ్రువీకరించిన వారి లెక్కలు అక్కడి కోర్టులకు వెళుతుంటవి.

మన నగరంలో వానలెక్క విలువ 1908 సెప్టెంబరు 28న తెలిసివచ్చినది. ఆనాటి మూసీ వరదలో వేలమంది చనిపోయారు, అఫ్జల్‌గంజ్ ప్రాంతం కొట్టుకొనిపోయినది. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి కారణాలు విచారించినారు. అది కోర్టు కాదు గాని ప్రశ్న ఒకటే: ఎక్కడ, ఎన్ని గంటలలో, ఎంత కురిసినది? శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాలు, 48 గంటలలో 18.9 అంగుళాలు పడినట్లు తేలినది. మూసీ పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 తెగినవి. తప్పు చెరువులదా, వానదా అనే వాదన అంకె లేకుండా తెగేది కాదు. వాన ఎంతో తెలిసినందువల్లనే నదిలో ఎంత నీరు వచ్చునో, దానిని ఆపుటకు ఎంత జలాశయం కావలెనో గణించగలిగినారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయినవి. ఆ కుంభవృష్టిలో గొడుగు పట్టుకొని సీసా కొలిచిన మనిషి ఎవరోగాని, ఈ కథలో అతనికీ భాగమున్నది.

ఇక చట్టం. ప్రభుత్వోద్యోగి విధినిర్వహణలో రిజిస్టరులో వ్రాసిన అంకె సాక్ష్యంగా చెల్లుతుందని 1872 సాక్ష్యచట్టం 35వ సెక్షను చెప్పినది. ధ్రువీకరించిన నకలు చాలును, వ్రాసినవాడు కోర్టుకు రానక్కరలేదు. 2024 జులై 1న ఆ చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చినా ఈ సూత్రం మిగిలియున్నది. ఊరి ఉపాధ్యాయుడు స్వంతంగా వ్రాసుకొన్న డైరీకి ఆ సదుపాయం లేదు. ఆయనే బోనెక్కాలి. అయితే అప్పటికప్పుడు తాను వ్రాసుకొన్నది చూచి జ్ఞాపకం తెచ్చుకొనవచ్చును.

అంకె ఉన్నంతమాత్రాన చిక్కు తీరదు. బేగంపేటలో 2000 ఆగస్టు 24 తేదీకి ఎదురుగా 241.5 మి.మీ. అని ఉన్నది. కొలత ఉదయం 8.30కు తీస్తారు, అందులో 23వ తేదీ ఉదయంనుండి పడినదంతా చేరినది. ఇది తెలియని వకీలు 23 రాత్రి మునిగిన ఇంటికి 23వ తేదీ అంకె చూపించి ఓడిపోగలడు. దూరం మరొక చిక్కు. 2020 అక్టోబరు 14 ఉదయానికి బేగంపేటలో సుమారు 19 సెం.మీ., ఘట్కేసర్ వైపు 32 సెం.మీ. నమోదైనది. అదే నగరం, అదే రాత్రి! కనుక ఆబిడ్స్ దుకాణానికి బేగంపేట అంకె పనికివస్తుంది గాని, పక్క వీధి పాఠశాలలో ఒక మాపకం ఉంటే దాని మాట ఇంకా దగ్గరిది.

అటువంటి పుస్తకం పెట్టదలచిన ఉపాధ్యాయుడు వేళ, స్థలం, కొలిచినవారి సంతకం రోజూ వ్రాయించవలెను. వాన పడని రోజున ఖాళీ విడువక సున్న వేయాలి. తప్పు పడితే రబ్బరుతో తుడపక, పాత అంకె కనిపించేటట్లు ఒక గీత కొట్టి పక్కన సరియైనది వ్రాయాలి. తుడిచిన చోటు కనబడితే ఎదుటి వకీలు మొదట పట్టుకొనేది దానినే.