రెండు చీరల బొంత



ఈ రోజు మీతో ముచ్చటించబోయేది రాజుల చరిత్ర కాదు, కోటల చరిత్ర కాదు. చలికాలం రాత్రుల్లో మనలో చాలామంది ముడుచుకుని పడుకున్న బొంత చరిత్ర. అందులోనూ రెండే రెండు గుడ్డలతో, రెండు రంగులతో కుట్టే సాదా బొంతను గురించి. "బొంతకు కూడా చరిత్ర ఉంటుందా టీచర్?" అని మా బడిపిల్లలు నవ్వుతుంటారు. ఉంటుంది. పైగా అది సరిహద్దుల్లో బతికే మనలాంటి వాళ్ళం తెలుసుకోవలసిన చరిత్ర.

ముందుగా పేర్ల సంగతి చూద్దాం. మనం బొంత అంటాం. కన్నడంలోనూ బొంతె అనే మాట ఉంది. కాని బళ్ళారి, రాయచూరు వైపు ఇవాళ ఎక్కువగా వినబడేది కౌది. షోలాపూరు, నాందేడు వైపు వెళితే మరాఠీలో గోధడి అంటారు, వాకళ అని కూడా అంటారు. ఒడియా వారికి అది కంథా. సంస్కృతంలోని కంథా అన్న మాటే అది. తమిళంలో కందై అంటే చినిగిన పాత గుడ్డ. అదీ ఆ కుటుంబంలోని మాటే. పేర్లు ఎన్ని ఉన్నా పని ఒక్కటే. కట్టి కట్టి మెత్తబడిన బట్టలను పొరలుగా పేర్చి, సూదీ దారంతో ఒక్కటి చేయడం.

మనం రోజూ వాడే దుప్పటి అనే మాటను కూడా ఒకసారి గమనించండి. దుపట్టాకు అది చుట్టం. 'దు' అంటే రెండు, 'పట్ట' అంటే గుడ్డ వెడల్పు. పాతకాలపు గుంటమగ్గం మీద నాడెను ఈ చేతి నుంచి ఆ చేతికి విసరాలి. కాబట్టి నేతగాడి చేతులు అందినంత వెడల్పే గుడ్డ వచ్చేది. మనిషి నిండా కప్పుకోవాలంటే రెండు వెడల్పులు పక్కపక్కన చేర్చి కుట్టుకోక తప్పదు. అంటే రెండు గుడ్డలను కలపడమన్నది ముందు అవసరం, ఆ తరువాతే అందం.

అతుకుల గుడ్డకు మన దేశంలో గౌరవం కూడా ఉండేది. బౌద్ధ భిక్షువుల చీవరం ముక్కలు అతికి కుట్టినదే. మగధలోని వరిమళ్ళను, వాటి నడుమ గట్లను చూపి, చీవరాన్ని ఆ తీరున కుట్టమని బుద్ధుడు ఆనందుడికి చెప్పినట్లు వినయపిటకంలో ఉంది. 12వ శతాబ్దపు కన్నడ శివశరణులలో బొంతాదేవి అనే వచనకర్త్రి ఉంది. రాజభోగం విడిచి వచ్చిన ఆమె బొంత కప్పుకున్నందువల్లే ఆ పేరు వచ్చిందని కథ. నేడు మనం 'అతుకుల బొంత' అన్న మాటను తిట్టుగా వాడుతున్నాం. ఒకప్పుడు అది విరాగుల వస్త్రం.

ఇక రంగుల సంగతికి వద్దాం. రెండు రంగుల బొంత అంటే మనకు చప్పున మనసులో మెదిలేది ఎరుపు–తెలుపు, లేదా నీలం–తెలుపు. ఇవే ఎందుకు? ఉతికితే దిగని రంగులు పూర్వం ఎన్నో లేవు. పాత బట్టల్లో చివరిదాకా నిలిచినవి ఈ రెండే.

ఎరుపు మన నేలలోనే పుట్టింది. చిరివేరు అనే చిన్న మొక్క వేరులో ఆ రంగు ఉంటుంది. కృష్ణా నది సముద్రంలో కలిసేచోటి ఇసుక నేలల్లో పెరిగిన చిరివేరుకు పెద్ద పేరు. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెట్టి, ఎరుపు కావలసినచోట పటిక నీళ్ళు పూసి, చిరివేరుతో ఉడకబెడితే ఆ రంగు గుడ్డ చిరిగేదాకా వదలదు. నీలిది వేరే పద్ధతి. దానికి పటిక అక్కరలేదు. నీలిమందు తొట్టిలో గుడ్డను ముంచి తీసి గాలికి ఆరబెడితే, చూస్తుండగానే పచ్చదనం పోయి నీలం తేలుతుంది. కడప, కర్నూలు ప్రాంతాలు ఒకప్పుడు నీలిమందుకు ప్రసిద్ధి. పుదుచ్చేరిలో అద్దిన నీలి బట్టలను ఫ్రెంచి వర్తకులు ఓడలకెక్కించి పశ్చిమ ఆఫ్రికా దాకా పంపేవారు.

ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో కోఠీ తెరిచింది. ఆ శతాబ్దంలోనే మన తీరపు అద్దకపు గుడ్డలు ఐరోపా ఇళ్ళలోకి వెళ్ళాయి. మంచం మీద పరిచే పలంగ్‌పోష్‌లకు గిరాకీ ఎంతగా పెరిగిందంటే, అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు ఈ బట్టల మీద నిషేధాలు విధించాయి. ఇంగ్లండు 1721లో దాన్ని ఇంకా బిగించింది. మన రంగును చూసి దేశాలు చట్టాలు చేసిన రోజులవి.

ఆ తరువాత కథ తిరగబడింది. చిరివేరులో ఎర్రదనానికి మూలమైన అలిజరిన్ అనే పదార్థాన్ని 1868లో జర్మను రసాయన శాస్త్రవేత్తలు గ్రేబే, లీబర్మన్ ప్రయోగశాలలో తయారు చేశారు. 1897 నుంచి కృత్రిమ నీలిమందు కూడా ఫ్యాక్టరీల నుంచి రాసాగింది. వేరు తవ్వే వాళ్ళ చేతికి పని పోయింది. నీలి తొట్లు ఎండిపోయాయి. అయితే రంగు బట్ట మాత్రం చవకై, పేద ఇంటి బొంతలోకి కూడా ముదురు ఎరుపు వచ్చి చేరింది. ఒకరి నష్టం మరొకరి ఇంటికి సొగసైంది. చరిత్రలో ఇటువంటివి తరచు కనబడతాయి.

వెలిసిపోని ఎరుపు దొరికితే ఆడవాళ్ళు ఏం చేస్తారో తెలుసుకోవాలంటే అమెరికా వైపు ఒకసారి చూడాలి. అక్కడ 'టర్కీ ఎరుపు' అనే గట్టి రంగు గుడ్డ అందుబాటులోకి వచ్చాక, ఎరుపు–తెలుపు బొంతలు ఇంటింటా కుట్టారు. అదీ అలిజరిన్ ఎరుపే. 2011లో న్యూయార్కు నగరంలో అటువంటి బొంతలనే, ఒక్కరు సేకరించిన 651 బొంతలను, వేలాడదీసి ప్రదర్శన పెట్టారు. రంగులు రెండే, కాని ఏ రెండు బొంతలూ ఒక్కలాగ లేవు. రెండు రంగులుంటే చాలదా అనుకునే వారికి అది జవాబు.

అంత దూరం పోనక్కరలేదు. మన కర్ణాటకలోనే, ఉత్తర కన్నడ జిల్లా ఎల్లాపూరు, హళియాళ అడవుల్లో సిద్దీలు ఉన్నారు. పోర్చుగీసువారి కాలంలోనూ ఆ తరువాతా ఆఫ్రికా నుంచి ఇక్కడికి చేరిన వారి సంతతి. 2003లో వారిని షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చారు. వారి స్త్రీలు కుట్టే కౌదులను ఇప్పుడు దేశదేశాల్లో ప్రదర్శిస్తున్నారు. అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ, నడిమధ్యకు వచ్చి కుట్టు ముగిస్తారు. నాలుగు మూలలా మడతపెట్టిన చిన్న ముక్కలు తప్పకుండా కుడతారు. వాటిని వారు పువ్వులంటారు. పువ్వులు లేని బొంత బట్ట కట్టని మనిషి లాంటిదని వారి భావన.

ఇప్పుడు కుట్టే విధానం చెబుతాను. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. రెండు పాత నూలు చీరలు కావాలి. ఒకటి ముదురు రంగు, ఒకటి లేత రంగు. ఆరుగజాల చీరను సగానికి కత్తిరిస్తే మూడు గజాల ముక్కలు రెండు వస్తాయి. రెండు చీరలకూ ఒక్కో సగం పైభాగానికి, మిగిలిన సగాలు అడుగుభాగానికి.

పైభాగానికి పది అంగుళాల చదరాలు కత్తిరించండి. 45 అంగుళాల పన్నాలో అడ్డంగా నాలుగు వస్తాయి. అలా తొమ్మిది వరుసలకు 36. మనకు ఒక్కో రంగులో 35 చాలు. కుట్టుకు అన్ని వైపులా అర అంగుళం పోగా చదరం తొమ్మిది అంగుళాలు, అంటే రమారమి జానెడు మిగులుతుంది. పొడవున పది, వెడల్పున ఏడు పెట్టి, చదరంగపు బల్లలాగ ఒకటి ముదురు, ఒకటి లేత చేర్చండి. 70 చదరాలతో ఏడున్నర అడుగుల పొడవు, ఐదుంపావు అడుగుల వెడల్పు బొంత సిద్ధం. ఐదో తరగతి పిల్లలకు వైశాల్యం పాఠం ఇంతకన్నా బాగా చెప్పలేం.

అడుగుకు మిగిలిన రెండు సగాలను నిలువునా చేర్చి కుట్టండి. నడుమ అరిగిన పంచెలు, పాత దుప్పట్లు పరవండి. ముడత లేకుండా నేల మీద సాగదీసి, జానెడుకొకటి చొప్పున టాకాలు వేసి, అంచు నుంచి వేలి వెడల్పు ఎడంతో వరుసకుట్టు వేస్తూ లోపలికి రండి. నడుమ నుంచి బయటికి కుట్టే వారూ ఉన్నారు. ఏదైనా సరే, దారం మరీ బిగించకూడదు. బిగిస్తే బొంత ముడుచుకుపోతుంది.

రంగుల జోడీకి ఒకటే సూత్రం. దూరం నుంచి చూసినప్పుడు రెండూ విడివిడిగా కనబడాలి. ముదురు నీలానికి తెలుపు, కుంకుమ రంగుకు మీగడ రంగు, వంగపండు రంగుకు మావిచిగురు, నెమలికంఠానికి గంధం రంగు నప్పుతాయి. ఒకటి పూలచీరైతే రెండోది సాదాది తీసుకోండి. కుట్టేముందు రెండింటినీ విడివిడిగా తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటుకుంటే ఆ చీరను లేతరంగు పక్కన పెట్టవద్దు.

శ్రోతలారా, చివరగా ఒక మాట మనవి చేస్తాను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి. బళ్ళారి, హోసపేట, సిరుగుప్ప మైసూరు రాష్ట్రంలోకి వచ్చాయి. 1956లో మరికొన్ని గీతలు గీశారు. అక్కచెల్లెళ్ళ పుట్టింటికి, అత్తింటికి మధ్య రాష్ట్రం హద్దు పడింది. బొంత కుట్టు మాత్రం ఆ హద్దును పట్టించుకోలేదు. ఇటు కౌది అన్నా అటు బొంత అన్నా, సూది పట్టే తీరు అమ్మ నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి అందుతూ వచ్చింది.

ఇప్పుడు ఆ అందిక తెగిపోతున్నది. సంతలో మిల్లు రగ్గు చవకగా దొరుకుతుంది. పాలియెస్టరు చీర బొంతకు పనికిరాదు, చెమట పీల్చదు. బొంత కప్పుకుంటే పేదవాళ్ళమని నలుగురూ అనుకుంటారని పిల్లలకు సిగ్గు. శాసనం రాతి మీద ఉంటుంది, వెయ్యేళ్ళైనా చదవవచ్చు. పలంగ్‌పోష్ రాజుల ఇళ్ళలో, మ్యూజియం పెట్టెల్లో భద్రంగా ఉంది. మన బొంత అలా కాదు. వాడుతుంటే అరుగుతుంది, ఉతుకుతుంటే చిరుగుతుంది, చివరకు మసిగుడ్డ అవుతుంది. దాని చరిత్ర కుట్టేవాళ్ళ చేతుల్లో తప్ప మరెక్కడా లేదు. ఆ చేతులు ఆగితే బొంతతో పాటు దానిని చుట్టుకున్న మాటలూ పోతాయి. టాకా, వరుసకుట్టు, దబ్బనం, మావిచిగురు రంగు, ఇవన్నీ మన ఊళ్ళ తెలుగు. బడిలో మరో భాష చదివే మన పిల్లలు ఈ మాటలను పుస్తకంలో నేర్చుకోలేరు. పక్కన కూర్చుని కుడుతూ నేర్చుకోవలసినవే.

అందుకని ఈ వేసవి సెలవుల్లో ఒక పని చేయండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే రెండు పాత చీరలు ఆమె ముందు పెట్టి, పిల్లలను పక్కన కూర్చోబెట్టండి. ఏ కుట్టును ఏమంటారో అడిగి నోటుబుక్కులో రాసుకోమనండి. తెలుగు పేరు ఒక వైపు, మీ ఊరి భాషలో పేరు రెండో వైపు. వానలు మొదలయ్యేసరికి బొంత పూర్తవుతుంది. నోటుబుక్కు కూడా నిండుతుంది.