మన పక్కూరి రన్‌వే – చిన్న విమానాల కథ

పెద్దపల్లి నుంచి గోదావరిఖని పోయే రాజీవ్ రహదారి మీద బసంత్‌నగర్ రాగానే మనకు కనబడేది సిమెంట్ ఫ్యాక్టరీ. దాని పక్కనే ఒక రన్‌వే కూడా ఉందని ఈ తరం పిల్లల్లో చాలామందికి తెలియదు. 1969లో ఉత్పత్తి మొదలుపెట్టిన కేశోరాం సిమెంట్ వారి అవసరం కోసం వేసుకున్న రన్‌వే అది. మేం హైస్కూల్లో ఉన్న 1980ల్లో అక్కడికి హైదరాబాద్ నుంచి వాయుదూత్ విమానం వచ్చేది. 1981లో మొదలైన ఆ ప్రభుత్వ సంస్థ చిన్న ఊళ్లకు 19 సీట్ల డార్నియర్ విమానాలు నడిపింది. నష్టాలు పెరిగి 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. విమానాలు ఆగినా రన్‌వే మిగిలింది.

విమానం అంటే మనవాళ్లకు ఇప్పుడు శంషాబాదే గుర్తొస్తుంది. నిజానికి మన రాష్ట్రంలో విమానయానం మొదలైందే చిన్న విమానాలతో, సరదాగా ఎగిరేవాళ్లతో. నిజాం కాలంలో బేగంపేట మైదానం మొదట హైదరాబాద్ ఏరో క్లబ్బు వాళ్లది. దక్కన్ ఎయిర్‌వేస్ వచ్చింది ఆ తర్వాత, 1945లో. అది 1953 జాతీయీకరణలో కలిసిపోయింది. క్లబ్బు ముందు, కంపెనీ వెనుక అన్నమాట. వరంగల్ మామునూరు విమానాశ్రయం కూడా నిజాం కట్టించిందే.

స్వాతంత్ర్యం వచ్చాక ఫ్లయింగ్ క్లబ్బుల కోసమే బెంగళూరు హెచ్‌ఏఎల్ వారు 'పుష్పక్' తయారుచేశారు. 1958 సెప్టెంబరులో మొదటిసారి ఎగిరింది. రెండు సీట్లు, 90 హార్స్‌పవర్ ఇంజిన్, ఉక్కు గొట్టాల చట్రం మీద గుడ్డ తొడుగు. అవును, గుడ్డే! గుడ్డను బిగించి కట్టి, డోపు అనే ఒక రకం వార్నిష్ పూస్తే డప్పు చర్మంలాగా బిగుసుకుంటుంది. అలాంటివి సుమారు 160 చేశారు. ఈ దేశంలో ఒక తరం పైలట్లు నేర్చుకున్నది దాని మీదే.

గుడ్డ, గొట్టాలు, చిన్న ఇంజిన్ అనగానే ఎవరికైనా ఒక ఆలోచన వస్తుంది – మనమే ఎందుకు చేసుకోకూడదు? అమెరికాలో ఆ ఆలోచనకు చట్టంలోనే చోటుంది. విమానంలో ఎక్కువ భాగం పని ఔత్సాహికుడే తన చేతులతో చేసి ఉండాలి. 'ప్రయోగాత్మకం' అన్న మాట విమానం మీద కనబడేలా రాయాలి. మొదటి 25 నుంచి 40 గంటలు జనావాసాలకు దూరంగా, నిర్ణయించిన ప్రాంతంలోనే ఎగరాలి. ఇట్లా చేసుకునేవాళ్ల సంఘం అక్కడ 1953 నుంచి ఉంది.

మన దేశంలో ఆ దారి చాలా కాలం మూసుకునే ఉంది. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ తాము ఉండే భవనం డాబా మీదనే ఆరు సీట్ల విమానం కట్టారు. 2011లో రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెడితే అది దొరికింది 2017 నవంబరులో. ఎగిరి చూడడానికి అనుమతి 2019లో. మధ్యలో 2016 'మేక్ ఇన్ ఇండియా' ప్రదర్శనలో అందరూ దాన్ని చూసి మెచ్చుకున్నారు. కాగితం మాత్రం కదలలేదు. ఇనుము కొయ్యడం కంటే ఫైలు కదిలించడం కష్టమని మన ఊళ్లో పట్టా కోసం తిరిగినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

అలాగని నిబంధనలన్నీ దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. బైకు ఇంజిన్ తీసి ఫ్యాన్ బిగించి ఎగరాలని చూసే కుర్రాళ్ల వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. రోడ్డు మీద బైకు ఇంజిన్ పూర్తి శక్తితో నడిచేది కొద్ది నిమిషాలే. విమానంలో అది ముప్పావు వంతు శక్తితో గంటల తరబడి నడవాలి. అందుకే విమానం ఇంజిన్లో ప్రతి సిలిండరుకూ రెండు స్పార్క్ ప్లగ్గులు, రెండు వేర్వేరు మాగ్నెటోలు ఉంటాయి. ఒకటి పోతే రెండోది దింపుతుంది. బోల్టు కూడా బజారులో కొన్నది పనికిరాదు. ఏ లోహం, ఎంత బలం, ఎవరు పరీక్షించారు అన్న కాగితం దానితో రావాలి.

మన ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది, అది ఎండ. రామగుండం ఎండల సంగతి మీకు తెలిసిందే. సముద్రమట్టానికి మనం ఉన్నది రెండొందల మీటర్ల ఎత్తు. కానీ 45 డిగ్రీల వేడికి గాలి పలచబడుతుంది. లెక్క కట్టి చూస్తే ఆ మధ్యాహ్నం బసంత్‌నగర్ రన్‌వే మీద నిలబడ్డ విమానానికి సుమారు 1,300 మీటర్ల ఎత్తున ఉన్నట్టే. రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కు ఊపిరి తగ్గుతుంది, ప్రొపెల్లర్ లాగుడూ తగ్గుతుంది. జనవరి ఉదయం హాయిగా లేచిన విమానమే మే నెలలో చెట్ల కొమ్మలకు తగలొచ్చు. ఫిజిక్స్ సార్లు సాంద్రత పాఠం చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ వాడుకుంటే బాగుంటుంది.

అన్నీ సర్టిఫికెట్ ఉన్న విమానాలకు కూడా ప్రమాదాలు తప్పలేదు. 2019 అక్టోబరులో వికారాబాద్ జిల్లాలో శిక్షణ విమానం కూలి ఇద్దరు, 2022 ఫిబ్రవరిలో నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో మరొకరు – ముగ్గురూ నేర్చుకుంటున్న పిల్లలే – ప్రాణాలు కోల్పోయారు. అందుకే గంటల లెక్క అంత గట్టిగా పెట్టారు. 16 ఏళ్లకు విద్యార్థి లైసెన్సు, 17 ఏళ్లకు సొంతానికి నడుపుకునే ప్రైవేటు లైసెన్సు, దానికి కనీసం 40 గంటలు, ఉద్యోగానికి కావలసిన కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి 'భారతీయ వాయుయాన్ అధినియమ్' వచ్చింది. సొంతంగా విమానం కట్టుకునేవాడికి ఆరేళ్ల నిరీక్షణ ఇకనైనా తగ్గుతుందా అన్నది చూడాలి.

ఇక మన రన్‌వే సంగతి. బసంత్‌నగర్‌లో విమానాశ్రయం మళ్లీ వస్తుందని ఎన్నేళ్లుగానో వింటున్నాం. పెద్ద విమానాలకు చుట్టూ ఉన్న గుట్టలు అడ్డమని, ఇప్పుడు అంతర్గాం పేరు వినిపిస్తోంది. ఎక్కడ వచ్చినా సంతోషమే. నా అభిప్రాయం మాత్రం వేరు. పెద్ద విమానం దిగే దాకా ఆగకుండా, ఉన్న చోటు సాంకేతికంగా పనికొస్తుందేమో పరీక్షించి ఒక చిన్న ఫ్లయింగ్ క్లబ్బుకు ఇవ్వమని అడగాలి. నాలుగు సీట్ల విమానానికి జెట్ విమానానికి కావలసినంత రన్‌వే అక్కర్లేదు. సింగరేణి, ఎన్టీపీసీ, ఎరువుల ఫ్యాక్టరీల్లో చేయి తిరిగిన ఫిట్టర్లు, వెల్డర్లు మన దగ్గర ఉన్నంతమంది ఇంకెక్కడున్నారు? వాళ్ల పిల్లలు మన బడిలోనే చదువుతున్నారు. ఈ విషయం మీద ఒక వినతిపత్రం రాసి సంఘం కార్యదర్శి గారికి ఇచ్చాను. స్వర్ణోత్సవానికి వచ్చిన మిత్రులు చదివి, నచ్చితే సంతకం చేయగలరు.